నకిలీ కొంటాం, నకలు మాత్రం తీసుకోం



తెలుగులో నకలు అనే మాట ఉంది, నకిలీ అనే మాట ఉంది. రెండూ "నఖ్ల్" అనే ఒక్క అరబీ మాట పిల్లలే. నకలు అంటే అసలుకి జోడీగా తీసిపెట్టుకునే కాపీ. నకిలీ అంటే ధోకా. ఒకే తల్లి బిడ్డలైన ఈ ఇద్దరిలో మన ఇళ్లు ఎవరిని చేరదీస్తున్నాయో చూస్తే నాకు గుస్సా వస్తోంది. నకిలీ పెన్ డ్రైవుని శౌఖుగా కొని తెచ్చుకుంటాం. అందులో పెట్టినదానికి నకలు తీసుకోమంటే ఫుర్సత్ లేదంటాం.

నేను సూళ్లూరుపేటలో ఉంటాను. కంప్యూటర్ పని తెలిసినవాణ్ణి కాబట్టి మొహల్లాలో ఎవరి పెన్ డ్రైవ్ తెరుచుకోకపోయినా నా గుమ్మం దగ్గరికే వస్తుంది. షాదీల సీజన్ అయ్యాక మరీ ఎక్కువ. వచ్చేవాటిలో చాలావాటి మీద "2 టీబీ" అని మెరిసే అక్షరాలుంటాయి. ఎంతకి తెచ్చారంటే మూడొందల యాభై, నాలుగొందలు అంటారు. కొన్ని ఫోన్‌లో యాడ్ చూసి తెప్పించినవి. కొన్ని మద్రాసు వెళ్లి బర్మా బజార్‌లో బేరమాడి తెచ్చినవి. మనకి స్టేషన్‌లో లోకల్ ఎక్కి కూర్చుంటే మద్రాసే కాబట్టి అదేదో పక్కవీధి అంగడి అయిపోయింది. ఇంకొన్ని కువైట్ నుంచి సూట్‌కేసులో వచ్చిన మామూల తోఫాలు. తోఫాని అనుమానించడం బద్తమీజీ అని మనవాళ్ల లెక్క.

ఖబర్దార్. ఆ రేటుకి 2 టీబీ దునియాలో ఎక్కడా రాదు. కింగ్‌స్టన్ కంపెనీ 2017 జనవరిలో 2 టీబీ పెన్ డ్రైవ్ ప్రకటించినప్పుడు, లోకంలో అంతకన్నా పెద్దది లేదని చెప్పుకుంది. పొడవు 72 మిల్లీమీటర్లు, మందం 21 మిల్లీమీటర్లు. జేబులో వేసుకుంటే అగ్గిపెట్టె కన్నా లావుగా తగిలే సామాను. ఆ తర్వాత చిప్పులు చిన్నవయ్యాయి, నిజమే. ఇవాళ వేలెడంత సైజులోనే నిజమైన 1 టీబీ దొరుకుతుంది. కానీ అది వేల రూపాయల సరుకు. నాలుగొందలకి ఇచ్చేవాడు మీకు దానధర్మం చేస్తున్నాడా? జకాత్ ఇస్తున్నాడా?

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. పెన్ డ్రైవ్‌లో ముఖ్యంగా రెండుంటాయి. ఒకటి మెమరీ, అంటే సామాను దాచే గోదాము. ఇంకోటి కంట్రోలర్, అంటే ఆ గోదాము గుమాస్తా. కంప్యూటర్ గోదాములోకి తొంగి చూడదు. "ఎంత జాగా ఉంది?" అని గుమాస్తాని అడుగుతుంది, అతను చెప్పిందే యకీన్ చేస్తుంది. నకిలీ చేసేవాడు 16 జీబీదో 32 జీబీదో చిప్పు పెట్టి, "2 టీబీ అని చెప్పు" అని గుమాస్తాకి ఝూట్ నేర్పిస్తాడు. కొన్నిటిని విప్పితే లోపల ఫోన్‌లో వేసుకునే చిన్న మెమరీ కార్డుని గమ్ముతో అతికించి ఉంటుంది. కాబట్టి "నేను కంప్యూటర్‌లో పెట్టి చూశాను భాయ్, 2 టీబీ అనే చూపించింది" అని నాతో వాదించొద్దు. మీరు దొంగనే పిలిచి గవాహీ అడిగారు.

ఇక జులుం ఎక్కడుందంటే, ఆ రోజు మీకు ఏమీ తెలియకపోవడంలో ఉంది. ముప్పై రెండు పేజీల నోట్‌బుక్‌కి "2000 పేజీలు" అని అట్ట వేశారనుకోండి. ముప్పై మూడో పేజీ రాయాల్సి వచ్చినప్పుడు ఆ గుమాస్తా "జాగా లేదు సాబ్" అనడు. మొదటి పేజీ మీదికి వచ్చి పాత రాత మీదే రాస్తాడు, లేదా రాసినట్టు నటించి గాల్లో వదిలేస్తాడు. ఫైళ్ల పేర్ల పట్టిక మాత్రం మొదట్లో, నిజమైన చిప్పులోనే భద్రంగా ఉంటుంది. అందుకే కాపీ మొత్తం సాఫీగా అయిపోతుంది. ఫోల్డర్ తెరిస్తే అన్ని పేర్లూ కనిపిస్తాయి, పక్కన సైజులు కూడా. ఒకటో రెండో నొక్కి చూస్తే ఆడతాయి కూడా. "మాషా అల్లాహ్, అన్నీ వచ్చేశాయి" అని ఫోన్‌లోవి డిలీట్ చేసేస్తారు. కథ అక్కడ ముగిసింది. అది మీకు తెలియడానికి మాత్రం ఏడాదో రెండేళ్లో పడుతుంది.

ఒక ఇంటి సంగతి, పేరు చెప్పను. అమ్మాయి రుఖ్సతీ రోజున వాళ్ల అబ్బా తలమీద చెయ్యి పెట్టి దువా చేశారు. ఆయన మామూలుగా మాట్లాడని మనిషి. ఆ రోజు నాలుగైదు నిమిషాలు మాట్లాడారట. ఎవరో ఫోన్‌లో తీశారు. ఆ వీడియో, ఇంకా పెళ్లివన్నీ కలిపి ఇలాంటి "2 టీబీ"లో పెట్టి, ఫోన్లు ఖాళీ చేసుకున్నారు. తర్వాతి సంవత్సరం ఆయన ఇంతెఖాల్ అయ్యారు. నలభై రోజుల ఫాతిహా అయ్యాక ఆ అమ్మాయి, "అబ్బా గొంతు ఒక్కసారి వినాలి భయ్యా" అని ఆ డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పేర్లన్నీ ఉన్నాయి. అబ్బా దువా అని తెలుగులో పేరు పెట్టిన ఫైలు కూడా ఉంది, 640 ఎంబీ అని సైజు చూపిస్తోంది. లోపల సున్నాలు. నాకు తెలిసిన రికవరీ సాఫ్ట్‌వేర్లన్నీ నడిపాను. రాసి చెరిపేసినదాన్ని కొంత వెనక్కి తేవచ్చు. ఎన్నడూ రాయనిదాన్ని ఎవరు తెస్తారు?

దానికన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకోటి. ఆ అమ్మాయి ససురాల్ వాళ్లు అప్పటికే ఫైసలా చేసేశారు, "బహూకి జాగ్రత్త లేదు, ఎక్కడో నీళ్లలో పడేసుంటుంది" అని. ఇది ఆ ఒక్క ఇంటి మాట కాదు. ఏ ఇంట్లో పెన్ డ్రైవ్ పాడైనా కసూర్ ఆడమనిషి నెత్తికే చుడతారు, లేదా ఆడుకునే పిల్లల మీదికి తోస్తారు. దాన్ని నాలుగొందలకి కొని "చూడు, ఎంత సస్తాగా తెచ్చానో" అని మీసం దువ్విన మగవాడిని ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను.

అమ్మేవాళ్లని వదిలిపెడుతున్నానని అనుకోకండి. ఖురాన్ షరీఫ్‌లో 83వ సూరా పేరే అల్ ముతఫ్ఫిఫీన్. కొలతలో, తూకంలో తగ్గించి ఇచ్చేవాళ్లు అని దాని అర్థం. కిలో మాంసంలో యాభై గ్రాములు తగ్గితే కసాయి భాయ్‌తో కొట్లాడతాం, కాటా మళ్లీ పెట్టిస్తాం. ఇక్కడ 2000 జీబీ అని చెప్పి 32 ఇస్తున్నాడు. కిలోకి పదహారు గ్రాములు తూచినట్టు! దాన్ని మాత్రం "చైనా మాల్ అంతేలే" అని నవ్వి వదిలేస్తాం. ఇక అంగట్లో కూర్చున్న మన భాయ్‌లని అడిగితే, "నాకేం తెలుసు, పెట్టెలో వచ్చింది, అమ్మాను" అంటారు. బియ్యంలో రాళ్లున్నాయని తెలిశాక కూడా అమ్మితే అది తెలియకపోవడం అవుతుందా? ఒక డ్రైవ్ వెనక్కి వచ్చినప్పుడే మీకు తెలిసింది. రెండోది అమ్మినప్పటి నుంచి ఆ పైసా హలాలా కాదా అన్నది మీరే ఆలిమ్ సాబ్‌ని అడగండి.

కొన్నవాళ్లకి హఖ్ ఉంది, అదీ మర్చిపోతున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫోన్‌లో కొన్న సరుకుకీ వర్తిస్తుంది. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు ఉండాలి. బయటి దేశపు సరుకైతే ప్యాకెట్ మీద తెచ్చినవాడి పేరు, అడ్రసు, ఎమ్మార్పీ ఉండాలని ప్యాకేజీ రూల్సు చెప్తున్నాయి. మీ ఇంట్లో ఉన్న "2 టీబీ" ప్యాకెట్ తీసి చూడండి, ఎవడి పేరూ ఉండదు. పేరు పెట్టుకోవడానికి సిగ్గుపడే సరుకు అది.

నాకు ఎదురయ్యే పెద్ద వాదన ఇది: "మేం గరీబులం భాయ్, బ్రాండ్‌లు కొనడానికి మా దగ్గర పైసలెక్కడివి?" ఈ మాటకి నేను తల వంచను. గరీబుకే ఈ ధోకా ఎక్కువ తగులుతుంది. ఉన్నవాడికి ల్యాప్‌టాప్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, కొడుకు ఫోన్‌లో ఒకటి ఉంటాయి. లేనివాడికి ఉన్నది ఆ ఒక్క డ్రైవే. మెహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్ అని మన దాదీలు ఊరికే అనలేదు. పైగా మీకు 2 టీబీ ఎందుకు? లెక్క వేద్దాం రండి. మంచి క్వాలిటీలో గంట సేపు గొంతు రికార్డు చేస్తే దాదాపు 58 ఎంబీ. అంటే 64 జీబీలో వెయ్యి గంటలకు పైగా పడుతుంది. మీ నానీమా రోజూ ఒక గంట చొప్పున మూడేళ్లు కథలు చెప్పినా నిండదు. ఫోటో ఒకటి 4 ఎంబీ అనుకుంటే అదే 64 జీబీలో పదహారు వేలు. మూడు గంటల పెళ్లి వీడియో, సెకనుకి 10 మెగాబిట్ల లెక్కన, పదమూడున్నర జీబీ. మన ఇళ్లలో చాలావాటికి 64 చాలు, మహా అయితే 128. పెద్ద నెంబరు మీద ఉన్న హవస్సే ఈ నకిలీగాళ్లకి రోజీ.

కాబట్టి కొనేటప్పుడు పేరున్న కంపెనీది, బిల్లు ఇచ్చే అంగట్లో, మీకు కావలసినంత సైజుదే తీసుకోండి. ఆన్‌లైన్ అయితే బ్రాండు పేరు ఒక్కటే కాదు, అమ్మేవాడెవడో కూడా చూడాలి. పెద్ద బ్రాండ్‌ల పేరుతోనూ నకిలీలు వస్తున్నాయి. 128 జీబీది పెడితే కంప్యూటర్ 119 అని చూపిస్తే కంగారు పడకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. అది ధోకా కాదు. యూఎస్‌బీ 3 అని, 5 జీబీపీఎస్ అని ప్యాకెట్ మీద రాసేది రోడ్డు వెడల్పు. బండి ఎంత వేగంగా పోతుందో వేరే. "రీడ్" స్పీడు పెద్దక్షరాలతో వేసి "రైట్" స్పీడు అసలు వేయకపోతే, రాయడంలో అది నత్త అని అర్థం. రెండు డ్రైవుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే ముందు ఆ రైట్ స్పీడే అడగండి. పెద్ద వీడియో కాపీ అవ్వనని మొరాయిస్తే డ్రైవ్‌ని తిట్టకండి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయ్యుంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మారిస్తే పడుతుంది. మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు ఖాళీ చేసుకోండి.

ఇప్పుడు అసలైన తగాదా. నిజమైన డ్రైవే కొన్నారు, మంచిదే. దాన్ని తీసుకెళ్లి బంగారంతో పాటు అల్మారీలో పెట్టి తాళం వేసి, "అమానత్ భద్రం" అనుకుంటున్నారు. పెన్ డ్రైవ్ తిజోరీ కాదు. అది రిక్షా. ఒకచోటి నుంచి ఇంకోచోటికి సామాను చేరవేసేది. రిక్షాలో కాపురం పెట్టకూడదు.

ఎందుకో వినండి. ఈ ఫ్లాష్ మెమరీని తోషిబా కంపెనీలో ఫుజియో మసుఓకా అనే జపాన్ ఇంజనీరు కనిపెట్టారు. మన డ్రైవుల్లో ఉండే నాండ్ రకాన్ని 1987లో లోకానికి చూపించారు. కంటికి కనిపించనంత చిన్న గదుల్లో కరెంటు చార్జిని బంధించి పెట్టడమే దాని పని. మొదట్లో ఒక్కో గదిలో ఉందా, లేదా అని రెండే లెక్కలు. ఇప్పుడు తక్కువ జాగాలో ఎక్కువ కుక్కాలి కదా, ఒక్కో గదిలో ఎనిమిది మెట్లు, కొన్నిటిలో పదహారు మెట్లు పెట్టి చార్జిని కొలుస్తున్నారు. మెట్టుకీ మెట్టుకీ మధ్య సందు సన్నబడింది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడేస్తే ఆ చార్జి మెల్లగా జారుతుంది, ఎండవేడిలో ఇంకా తొందరగా జారుతుంది. మన మే నెల సంగతి, రేకుల గదిలో ఇనుప బీరువా సంగతి నేను చెప్పాలా? పులికాట్ మీది ఉప్పుగాలికి తలుపు గొళ్లాలే తుప్పు పడతాయి. ఆ డ్రైవ్ మూతికి ఉన్న పిన్నులెంత? పదేళ్లు నిలిచిన డ్రైవులు నేనూ చూశాను. నిలుస్తుందని ఎవడూ జమానత్ ఇవ్వడు. వారంటీ కాగితం చదవండి, పాడైన డ్రైవ్ బదులు కొత్త డ్రైవ్ ఇస్తామంటారు. మీ అబ్బా గొంతు ఇస్తామని రాయరు.

ఇక్కడే నకలు కావాలి. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ చెప్పిన లెక్క ఒకటి అందరూ వాడతారు: మూడు కాపీలు, రెండు రకాల సామాన్లలో, ఒకటి ఇంటికి బయట. మన పెద్దలకి ఇది కొత్త సంగతి కాదు. హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్హు జమానాలో ముస్హఫ్ నకళ్లు రాయించి వేర్వేరు పట్టణాలకి పంపారు. వేల హాఫిజుల గుండెల్లో ఉన్నా సరే, రాతలో ఉండాలి, ఒక్కచోటే ఉండకూడదు అనుకున్నారు. మన వీడియోలని దానితో పోలుస్తున్నానని కాదు, అస్తగ్ఫిరుల్లాహ్. ఆ ఉమ్మత్ పిల్లలం ఒక్క ప్లాస్టిక్ ముక్క మీద తవక్కుల్ పెట్టి కూర్చోవడం చూస్తే సిగ్గేస్తుంది, అంతే. 256 జీబీది ఒకటి కొనే పైసలతో 128వి రెండు, రెండు వేరే కంపెనీలవి కొనండి. ఒకటి మీ దగ్గర. ఇంకోటి నెల్లూరులో ఫూఫీ ఇంట్లో, లేదా గూడూరులో ఖాలా దగ్గర. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వానలు మన వైపు ఎలా కురిశాయో మర్చిపోయారా? ఇంట్లో మూడు కాపీలు ఒకే బీరువా కింది అరలో పెడితే నీళ్లకి మూడూ ఒకటే. మూడో కాపీకి పాత కంప్యూటరో, హార్డ్ డిస్కో, క్లౌడో ఏదైనా సరే. ఏడాదికోసారి, ఈద్ ముందు ఇల్లు దులిపేటప్పుడు, అన్నీ తీసి ఒక్కో ఫైలు తెరిచి చూడండి. కరెంటు తగిలించి వదిలేయడం కాదు, తెరిచి చూడండి, వినండి. అనుమానం వస్తే కొత్త డ్రైవ్‌లోకి మార్చండి.

ఫోటో స్టూడియోల వాళ్లతోనూ నాకో పంచాయితీ ఉంది. ఇది వరకు సీడీలు రెండు మూడు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు చెక్కపెట్టెలో పేర్లు చెక్కి, మఖ్మల్ గుడ్డలో ఒక్క పెన్ డ్రైవ్ పెట్టి ఇస్తున్నారు. పెట్టె ఖరీదైనది, డ్రైవ్ ఎక్కడిదో తెలియదు. కొన్నాళ్లకి స్టూడియో కంప్యూటర్‌లోది చెరిపేస్తారు, వాళ్లకీ జాగా కావాలి, అందులో తప్పు లేదు. కానీ చెరిపేముందు ఒక ఫోన్ చేసి "భాయ్, మీరు కాపీ తీసుకున్నారా?" అని అడగడానికి ఏం ఖర్చవుతుంది? మీరూ మిగతా పైసలు ఇచ్చేముందు అక్కడే కూర్చుని, మొదటి వీడియో కాదు, చివరి వీడియో చివరి నిమిషం తెరిపించి చూడండి. నకిలీ బయటపడేది చివర్లోనే.

కాగితాల సంగతి వేరు. ఆధార్, నిఖానామా, ఇంటి దస్తావేజు స్కాన్లు, అన్నీ వేసిన డ్రైవ్‌ని తీసుకెళ్లి జిరాక్స్ అంగడి కంప్యూటర్‌లో గుచ్చుతున్నారు. ఆ కంప్యూటర్‌లో రోజుకి ఎంతమంది గుచ్చుతారో, ఏ వైరస్ ఉందో ఎవరికి తెలుసు? మీ దస్తావేజు కాపీ అక్కడ ఉండిపోయినా మీకు ఖబర్ ఉండదు. ప్రింటుకి ఒక చిన్న పాత డ్రైవ్ వేరే పెట్టుకోండి, ఆ పూటకి కావలసిన ఒక్క ఫైలే అందులో వేసుకుని వెళ్లండి. ఇంట్లో దాచే డ్రైవ్ గడప దాటకూడదు.

"ఇంత తతంగం ఎవరు చేస్తారు భాయ్" అంటారని తెలుసు. అదే చేతులతో రాకెట్ లేచిన ప్రతిసారీ మిద్దె ఎక్కి వీడియో తీస్తారు. చంద్రయాన్-3 లేచిన 2023 జులై 14 వీడియో మీ ఫోన్లలో ఎన్ని కాపీలుందో నాకు తెలుసు, ప్రతి గ్రూపులోనూ అదే. ఆ వీడియో పోయినా ఇస్రో దగ్గర ఉంటుంది. మీ అమ్మీ నవ్వు ఎవరి దగ్గర ఉంటుంది?

మీ ఇంట్లో పెద్ద నెంబరు వేసిన డ్రైవ్ ఏదున్నా పరీక్ష చేయించండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని జర్మనీలో రాసిన ప్రోగ్రాం ఉంది, మామూలు విండోస్ కంప్యూటర్‌లో నడుస్తుంది, ముఫ్త్. లినక్స్ వాడేవాళ్లకి ఎఫ్3 అని ఉంది. డ్రైవ్‌ని అంచు దాకా నింపి, రాసినదంతా తిరిగి చదివి, ఎంత నిజమో ఎంత ఝూటో లెక్క చెప్తాయి. సబర్ కావాలి: సెకనుకి 10 ఎంబీ రాసే 128 జీబీ డ్రైవ్‌కి నింపడానికే మూడున్నర గంటలు, మళ్లీ చదవడానికి ఇంకొంత. మీకు చేతకాకపోతే నా దగ్గరికి పంపండి, పైసలు వద్దు. జుమా రోజు తప్ప ఎప్పుడైనా సరే. కానీ పరీక్షకి ముందు అందులో తెరుచుకుంటున్న ఫైళ్లన్నీ వేరేచోటికి కాపీ చేసుకుని తీసుకురండి. డ్రైవ్ నకిలీదైతే, ఆ పరీక్ష రాసే రాత కూడా మొదటి పేజీ మీదికే వచ్చి పడుతుంది.